నీటి అడుగు హోరుకు కెరటం ఎత్తు కొలబద్ద కాదు

సంపాదకులకు,

సముద్రం మీద వచ్చే సైన్స్ వ్యాసాల్లో ఒక మాట తరచూ కనిపిస్తుంది: కెరటాలు ఎంత ఎత్తున లేస్తే నీటి అడుగున అంత హోరు అని. బీచ్‌లో నిలబడి విన్నవాళ్లకు అది నిజమే అనిపిస్తుంది. కానీ తీరానికి ఓ పది కిలోమీటర్ల అవతల హైడ్రోఫోన్, అంటే నీటిలో పనిచేసే మైకు, దించి వింటే ఈ లెక్క చాలా రోజుల్లో తప్పుతుంది. ఎందుకు తప్పుతుందో, మన తీరంలో దాన్ని కొలవాలనుకునే కాలేజీ విద్యార్థులు ఎక్కడ దెబ్బతింటారో కొంచెం వివరంగా రాస్తున్నాను. ఉత్తరం పొడవైతే మన్నించండి.

ముందు విశాఖ ఎదుట సముద్రాన్నే తీసుకుందాం. దక్షిణ మహాసముద్రంలో ఎక్కడో వీచిన పెనుగాలులకు లేచిన కెరటాలు వేల కిలోమీటర్లు దొర్లి బంగాళాఖాతం చేరుతుంటాయి. ఒక శిఖరం దాటాక రెండోది రావడానికి 14, 15 సెకన్లు పడుతుంది. వాతావరణ, సముద్ర శాఖలవాళ్లు వీటిని స్వెల్ అంటారు. ఎండాకాలం ఉదయం గాలి పడిపోయి ఉన్నప్పుడు ఇవి వస్తే నీళ్లు నూనె పోసినట్టు నున్నగా ఉంటాయి, పడవ మాత్రం ఉయ్యాలలా లేచి దిగుతుంది. ఒడ్డున ఫెళఫెళా విరుగుతాయి కాబట్టి అక్కడ చెవులు హోరెత్తుతాయి. ఆ ఒడ్డు హోరు కొన్ని కిలోమీటర్ల దూరం వరకు నీటిలోనూ అందుతుంది. ఇంకా లోపలికి వెళ్లి వింటే 1,000 హెర్ట్జ్, అంటే సెకనుకు వెయ్యి కంపనాల పౌనఃపున్యం, దగ్గర సముద్రం దాదాపు మౌనంగా ఉంటుంది. అదే రోజు మధ్యాహ్నం 20 నాట్స్, అంటే గంటకు సుమారు 37 కిలోమీటర్ల, గాలి లేచిందనుకోండి. మొదటి గంట రెండు గంటల్లో ఆ గాలి పుట్టించే కెరటం మీటరు చుట్టుపక్కలే ఉంటుంది, స్వెల్ కంటే పొట్టిదే. కానీ నీటి మీద తెల్లటి నురగ మచ్చలు లేస్తాయి, హైడ్రోఫోన్‌లో రొద అమాంతం పెరుగుతుంది.

తేడా అంతా ఆ నురగలోనే ఉంది. గాలి వేగం 7 నుంచి 10 నాట్స్ అయ్యేసరికి కెరటాల తలలు అక్కడక్కడా విరగడం మొదలవుతుంది. విరిగే తల గాలిని నీటిలోకి లాక్కుపోతుంది, ఆ గాలి బుడగలుగా తెగుతుంది. అప్పుడే పుట్టిన బుడగ గుండ్రంగా సర్దుకునే లోపు కొన్ని మిల్లీసెకన్ల పాటు గంటలా మోగుతుంది. ఎంత స్థాయిలో మోగుతుందో 1933లో మిన్నార్ట్ అనే శాస్త్రవేత్త లెక్కగట్టాడు. నీటి ఉపరితలం దగ్గర 3.26ను మీటర్లలో బుడగ వ్యాసార్ధంతో భాగిస్తే హెర్ట్జ్‌లో పౌనఃపున్యం వస్తుంది. 1 మిల్లీమీటరు వ్యాసార్ధమున్న బుడగ 3,260 హెర్ట్జ్ దగ్గర, 5 మిల్లీమీటర్లది 650 దగ్గర, 0.1 మిల్లీమీటరుది 32,000 దాటి మోగుతాయి. విరిగిన ప్రతి కెరటంలో ఈ సైజులన్నీ కలగలిసి ఉంటాయి కాబట్టే మనకు ఒక స్వరం కాకుండా జల్లుమనే రొద వినిపిస్తుంది. కుళాయి నుంచి నిండు బిందెలో పడే చుక్క టప్‌మంటుంది చూడండి, అది చుక్క నీటిని కొట్టిన చప్పుడు కాదు, చుక్క వెనకాలే చిక్కుకున్న చిన్న బుడగ మోత. సముద్రం చేసేది కూడా అదే పని, కోట్ల రెట్లు ఎక్కువగా.

మోగడం అయిపోయిన బుడగ ఊరికే ఉండదు, శబ్దాన్ని మింగడం మొదలెడుతుంది. గాలి సెకనుకు సుమారు 15 మీటర్లు దాటితే పాత బుడగలు పై కొన్ని మీటర్ల నీటిలో మబ్బులా పరుచుకుంటాయి. పైన పుట్టిన శబ్దంలో 8,000 హెర్ట్జ్‌కు పైబడిన భాగాన్ని కిందికి దిగనివ్వవు. అందుకే గాలి ఇంకా పెరుగుతున్నా ఆ పౌనఃపున్యాల దగ్గర రొద పెరగడం ఆగిపోతుంది, ఒక్కోసారి తగ్గుతుంది కూడా. తుపానులో నీటి అడుగున అన్ని శబ్దాలూ సమానంగా పెరుగుతాయని రాయడం ఇక్కడే తప్పవుతుంది. కింది పౌనఃపున్యాల శబ్దానికి ఈ అడ్డు లేదు. 1999లో అట్లాంటిక్‌లో గెర్ట్ హరికేన్ మీదుగా వెళ్లినప్పుడు 800 మీటర్ల లోతున ఉన్న ఒక హైడ్రోఫోన్ రికార్డును తీసుకుని, జాషువా విల్సన్, నికోలస్ మాక్రిస్ 2008లో ఆ రొదనుంచే గాలి వేగాన్ని రాబట్టి చూపించారు. వాళ్లు వాడుకున్నది కింది పౌనఃపున్యాల శబ్దాన్ని.

మచ్చుకు ఎంత పెరుగుతుందో చెప్పుకుందాం. రెండో ప్రపంచ యుద్ధ కాలపు కొలతలను క్రోడీకరించి నూడ్సెన్, ఆల్ఫర్డ్, ఎమ్లింగ్ 1948లో అచ్చువేసిన గీతలు సముద్రం ఎంత రేగి ఉందన్న దాన్నిబట్టి రొదను చూపించాయి. 1962లో గోర్డన్ వెంజ్ వాటిని విస్తరించి, ఎంత రేగి ఉందో చూసేకంటే గాలి వేగమే మెరుగైన కొలబద్ద అని తేల్చాడు. ఆయన ఇచ్చిన ‘ఐదుల సూత్రం’ ఇప్పటికీ ఉజ్జాయింపు లెక్కకు పనికొస్తుంది. 500 నుంచి 5,000 హెర్ట్జ్ మధ్య పౌనఃపున్యం రెట్టింపైన ప్రతిసారీ రొద 5 డెసిబెల్స్ తగ్గుతుంది. గాలి 2.5 నాట్స్ నుంచి 40 నాట్స్ దాకా రెట్టింపైన ప్రతిసారీ 5 డెసిబెల్స్ పెరుగుతుంది. 5 నాట్స్ గాలిలో 1,000 హెర్ట్జ్ దగ్గర లోతు సముద్రంలో 51 డెసిబెల్స్ ఉంటుంది, లోతు తక్కువ నీటిలో మరో 5 ఎక్కువ. అంటే విశాఖ ఎదుట 30 మీటర్ల లోతులో 5 నాట్స్ గాలికి 56, 20 నాట్స్ గాలికి 66. ఈ లెక్కలో కెరటం ఎత్తు ఎక్కడా రాలేదని గమనించండి. ఇంకో జాగ్రత్త కూడా చెప్పాలి. పాత పుస్తకంలో చూస్తే మొదటి అంకె 51కి బదులు 25 అని ఉంటుంది. అప్పట్లో కొలత మొదలుపెట్టే పీడనం 20 మైక్రోపాస్కల్స్, ఇప్పుడు 1 మైక్రోపాస్కల్. రెండింటి మధ్య తేడా 26 డెసిబెల్స్. అది చూసుకోకుండా పాత గీతల పక్కన కొత్త కొలతలు గీసి ‘సముద్రం 26 డెసిబెల్స్ మేర గోలగా మారింది’ అని తేల్చే ప్రమాదం ఉత్తుత్తిది కాదు.

మరి కెరటం ఎత్తుకు నీటి అడుగున ఏ పాత్రా లేదా అంటే ఉంది, అది వినికిడికి అందనిది. 10 సెకన్ల వ్యవధి, 2 మీటర్ల ఎత్తు ఉన్న స్వెల్ 30 మీటర్ల లోతున్న చోట దాటితే అడుగున పీడనం సుమారు 4,800 పాస్కల్స్ అటూ ఇటూ ఊగుతుంది. డెసిబెల్స్‌లోకి మారిస్తే 190 పైచిలుకు. ఈ అంకెను ఎవరైనా శీర్షికలో పెడితే చేపలన్నీ చెవిటివైపోయాయని పాఠకులు అనుకుంటారు. కానీ ఇది శబ్దం కాదు. పైనున్న నీటి మందం పెరగడం, తగ్గడం మాత్రమే. ఎక్కడికీ ప్రయాణించదు. లోతుకు వెళ్లేకొద్దీ హరించుకుపోతుంది. లోతు సముద్రంలో అదే కెరటం తరంగదైర్ఘ్యం 156 మీటర్లు, అందులో సగం, 78 మీటర్ల కిందికి వెళ్తే పీడనంలో మిగిలేది 4 శాతం.

లోతుతో హరించుకుపోని కెరటాల శబ్దం ఒకటుంది. ఒకే వ్యవధి గల రెండు కెరటాల వరసలు ఎదురెదురుగా వచ్చి ఢీకొంటే, వాటి వ్యవధిలో సగం వ్యవధితో ఒక పీడనం పుడుతుంది. 10 సెకన్ల కెరటాలకు 5 సెకన్లది. ఇది నేరుగా సముద్రపు అడుగును తాకి భూమిని సన్నగా కంపింపజేస్తుంది. 1950లో లాంగ్వెట్-హిగ్గిన్స్ అనే శాస్త్రవేత్త దీని గణితాన్ని పూర్తిగా వివరించాడు. తీరానికి వందల కిలోమీటర్ల దూరాన ఉన్న భూకంపమాపకాల్లో భూకంపం లేనప్పుడూ ఆగకుండా కనిపించే సన్నని వణుకు చాలావరకు దీనిదే. తీరం నుంచి వెనక్కి మళ్లిన కెరటాలు వచ్చేవాటిని ఎదుర్కొన్నా, తుపాను దిశ మార్చుకున్నా ఇది పుడుతుంది. కాబట్టి 1 హెర్ట్జ్‌కు దిగువన కెరటాలే స్వయంగా మాట్లాడతాయి, వందల హెర్ట్జ్ నుంచి పైకి వాటి బుడగలు మాట్లాడతాయి. మధ్యలో 10 నుంచి 200, 300 హెర్ట్జ్ దాకా ఓడలదే రాజ్యం. ఓడరేవు ఉన్న ఊరి ఎదుట ఆ భాగంలో గాలి, కెరటం కోసం వెతకడం వృథా శ్రమ.

ఇక కొలిచేవాళ్ల సంగతి. హైడ్రోఫోన్ కొని, పడవ అంచునుంచి దించి, ఫోన్‌లో రికార్డు చేసి ‘సముద్ర రొద’ అని చూపించే ప్రాజెక్టుల్లో ముప్పాతిక మువ్వీసం పడవ రొదే ఉంటుంది. పడవ లేచి దిగినప్పుడు హైడ్రోఫోన్ కూడా దానితో పాటు లేచి దిగుతుంది. ఒక్క మీటరు కదిలితే 10,000 పాస్కల్స్ తేడా. పడవ పొట్టను నీళ్లు తపతప కొట్టే చప్పుడు దీనికి అదనం. అందుకని వేలాడదీయకుండా అడుగున మూడు కాళ్ల స్టాండుకు బిగించి వదలడమే మంచిది. పైకి తేలే బోయా తాడును స్టాండుకు కట్టకండి, కెరటాలకు అది గుంజుతుంటే ప్రతి గుంజుకూ ఒక దెబ్బ రికార్డవుతుంది. అడుగునే 50 మీటర్లు తాడు పరిచి, దాని చివర లంగరు వేసి, అక్కడినుంచి బోయా కట్టాలి. గొలుసులు, ఇనుప కొక్కేలు ఒకదాన్నొకటి తాకే చోటల్లా రబ్బరు ట్యూబు చుట్టాలి.

ప్రవాహం కూడా మోసం చేస్తుంది. బిగుతుగా ఉన్న కేబుల్ మీదుగా నీరు పారితే అది తంబూరా తీగలా మోగుతుంది. ప్రవాహ వేగాన్ని 0.2తో గుణించి కేబుల్ మందంతో భాగిస్తే ఆ పౌనఃపున్యం వస్తుంది. సెకనుకు అర మీటరు ప్రవాహం, 8 మిల్లీమీటర్ల కేబుల్ అయితే 12.5 హెర్ట్జ్. పౌర్ణమికీ అమావాస్యకీ పోటు ఉద్ధృతంగా ఉండే రోజుల్లో ఈ మోత పెరిగి, ఆటుపోట్లతో పాటు పెరుగుతూ తగ్గుతూ ఉంటే ‘చంద్రుడికీ సముద్ర శబ్దానికీ సంబంధం’ దొరికిందని సంబరపడే నివేదిక తయారవుతుంది. కేబుల్ పొడవునా దారపు కుచ్చులు కట్టినా, కేబుల్‌ను వదులుగా అడుగున పరిచినా ఇది చాలావరకు పోతుంది. హైడ్రోఫోన్ చుట్టూ నీరు బాగా పీల్చుకునే స్పాంజి తొడుగు వేస్తే సుడుల తాకిడి తగ్గుతుంది. దించే ముందు దాని ఒంటిని సబ్బునీళ్లతో తుడవాలి, లేకపోతే అంటుకున్న గాలి బుడగలు కొలతను పాడుచేస్తాయి. స్పాంజిని ముందుగా నీటిలో ముంచి గాలంతా పోయేదాకా పిండాలి.

అన్నిటికంటే ఎక్కువమందిని ముంచేది ఆంప్లిఫయరు. పైన చెప్పిన స్వెల్ పీడనాన్నే తీసుకోండి. ఆంప్లిఫయరుతో కలిపి మైనస్ 170 డెసిబెల్స్ స్పందన (1 మైక్రోపాస్కల్‌కు 1 వోల్టుతో పోల్చి) ఉన్న హైడ్రోఫోన్ దానికి సుమారు 10.7 వోల్టులు ఇవ్వాల్సి వస్తుంది. మనకు కావలసిన గాలి రొద, 20 నాట్స్ వేగానికి 500 నుంచి 5,000 హెర్ట్జ్ వరకు మొత్తం కలిపినా, 0.27 మిల్లీవోల్టులే. 5 వోల్టుల బ్యాటరీతో నడిచే సర్క్యూటు స్వెల్ దెబ్బకే గోడకు కొట్టుకుని, ప్రతి కెరటానికీ గీత కత్తిరించినట్టు తెగిపోతుంది. ఆ తెగిన చోట పుట్టే కరకర అన్ని పౌనఃపున్యాల్లోనూ పరుచుకుంటుంది. రొద 10 సెకన్లకోసారి లేస్తూ పడుతూ ఉండటం చూసి ‘ఇదిగో కెరటం ఎత్తుకు రొద అనుగుణంగా ఉంది’ అని రాసేస్తారు. అసలు ఈ అపోహకు సగం బలం ఇలాంటి రికార్డులే ఇచ్చి ఉంటాయని నా అనుమానం.

దీనికి మందు ఫిల్టరు, అదీ శబ్దాన్ని పెంచే దశకు ముందే. హైడ్రోఫోన్ కెపాసిటెన్సు 10 నానోఫారాడ్లు, దాని ఎదుట 1 మెగాఓమ్ నిరోధం పెడితే 16 హెర్ట్జ్ నుంచి కిందికి కోత మొదలవుతుంది. 0.1 హెర్ట్జ్ స్వెల్ 160 రెట్లు తగ్గుతుంది. అది చాలదు, ఇంకా 67 మిల్లీవోల్టులు మిగులుతుంది. అదే కోతతో రెండో అంచె పెడితే 0.4 మిల్లీవోల్టులకు దిగి, కావలసిన రొదతో సమంగా వస్తుంది. అప్పుడు ధైర్యంగా పెంచుకోవచ్చు. రికార్డయ్యాక కంప్యూటరులో ఫిల్టరు వేస్తే ఏమీ లాభం లేదు, తెగిన గీత అతకదు.

రికార్డరులో శబ్దాన్ని తనంతట తనే పెంచి తగ్గించే సదుపాయం ఉంటే ఆపేయాలి. ఎంపీ3 వద్దు, కుదించని వేవ్ ఫైలే కావాలి. సెకనుకు 48,000 నమూనాలు, 24 బిట్లు అయితే 20,000 హెర్ట్జ్ దాకా నమ్మొచ్చు. ఆపకుండా నడిపితే రోజుకు 12.4 గిగాబైట్లు తింటుంది. అరగంటకు 5 నిమిషాల చొప్పున చాలు, రోజుకు 2 గిగాబైట్లు చిల్లర. 61 రోజులకు 126 దాటుతుంది కాబట్టి 128 కార్డును నమ్ముకోకుండా 256 పెట్టండి. దించే ముందొకసారి, తీశాక ఒకసారి 250 హెర్ట్జ్ పిస్టన్‌ఫోన్‌తో, అంటే ముందే తెలిసిన తీవ్రతతో శబ్దం పుట్టించే పరికరంతో, సరిచూసుకోవాలి. రెండు అంకెలూ కలవకపోతే మధ్యలో నీరు దిగిందో, సముద్రజీవులు పేరుకున్నాయో తెలుస్తుంది.

61 రోజులని ఊరికే అనలేదు. తూర్పు తీరంలో వేట నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు. మరబోట్లు ఒడ్డుకు చేరి ఉండే ఆ రెండు నెలలే సహజ రొదను కొలవడానికి అన్నివిధాలా అనువు. అడుగున లాగే వలలకు చిక్కి స్టాండు కొట్టుకుపోయే భయమూ తగ్గుతుంది. సరుకు ఓడలు తిరుగుతూనే ఉంటాయి కాబట్టి 300 హెర్ట్జ్ లోపు భాగాన్ని మాత్రం నమ్మకూడదు. ఆ నెలల్లో ఇంకో సౌకర్యం ఉంది. ఉదయం గాలి మందంగా ఉండి మధ్యాహ్నానికి పుంజుకునే రోజులు దొరుకుతాయి, స్వెల్ మాత్రం ఆ కాస్త సమయంలో పెద్దగా మారదు. ఉదయం 8 గంటల రికార్డునూ మధ్యాహ్నం 3 గంటల రికార్డునూ పక్కపక్కన పెడితే కెరటం ఎత్తు పాత్ర ఎంతో, గాలి పాత్ర ఎంతో అక్కడే విడిపోతుంది. తెల్లవారుజాము మాత్రం వద్దు, దానికి కారణం రొయ్యలు.

మనం తినే రొయ్యలు కావవి. ఒక డెక్క పెద్దగా ఉండి, దాన్ని ఫట్‌మని మూసి బుడగను పేల్చే చిన్న రకం. వెచ్చని లోతులేని నీటిలో, రాళ్లు, గుల్లల మధ్య లక్షల్లో ఉంటాయి. నూనెలో ఆవాలు చిటపటలాడినట్టు 2,000 నుంచి 20,000 హెర్ట్జ్ మధ్య రాత్రింబవళ్లు మోగుతాయి, సంధ్యవేళల్లో మరీ ఎక్కువ. చల్లని దేశాల సముద్రాల్లో గాలిని కొలవడానికి 8,000 హెర్ట్జ్ వాడతారని చదివి ఇక్కడా అదే వాడితే గాలిని కాక రొయ్యలను కొలిచినవాళ్లమవుతాం. మన తీరంలో 500 నుంచి 1,500 హెర్ట్జ్ భాగం మేలు. సగటు తీయకుండా మధ్యస్థం తీయాలి. 5 నిమిషాలను 300 ముక్కలు చేసి, ఒక్కో సెకనుకు విలువ కట్టి, వరసలో నడిమి విలువ తీసుకుంటే అక్కడక్కడా పేలే చిటికెలు దాన్ని పెద్దగా కదిలించలేవు. వాన పడిన సమయాలను పూర్తిగా తీసేయండి. సన్నని తుంపర్లు 14,000, 15,000 హెర్ట్జ్ దగ్గర ప్రత్యేకంగా మోగుతాయి, పెద్ద చినుకులు 1,000 నుంచే మొదలై గాలి రొదను కప్పేస్తాయి.

గాలి వేగాన్ని కాలేజీ మేడ మీది మీటరునుంచి తీసుకోవద్దు. కొండలు, భవనాల నీడలో అది చెప్పేది సముద్రపు గాలి కాదు. హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ (భారత జాతీయ సముద్ర సమాచార సేవల కేంద్రం) సముద్ర సూచనల్లో గాలి, గాలి కెరటాలు, స్వెల్ విడివిడిగా ఉంటాయి, వాటి ఎత్తు, వ్యవధి, దిశతో సహా. స్వెల్ ఎత్తును ఒక గడిలో, గాలి వేగాన్ని ఒక గడిలో రాసుకుని రెండింటితోనూ రొదను పోల్చి చూడండి.

చివరిగా మీ డెస్కుకు ఒక విన్నపం. నీటిలోని డెసిబెల్స్‌ను గాలిలోని డెసిబెల్స్‌తో పోల్చి ‘జెట్ విమానమంత హోరు’ అని అచ్చువేయకండి. రెండింటికీ మొదలుపెట్టే పీడనం వేరు, నీరు శబ్దానికి ఎదురునిలిచే తీరు కూడా వేరు. ఒకే తీవ్రతకు నీటి అంకె గాలి అంకెకంటే సుమారు 62 ఎక్కువ పలుకుతుంది. అలాగే అంకె ఏ పట్టీకి, అంటే ఎంత వెడల్పు పౌనఃపున్యాల మేరకు, చెందిందో రాయాలి. 1,000 హెర్ట్జ్ దగ్గర 1 హెర్ట్జ్ వెడల్పు పట్టీలో 66 ఉన్న సముద్రమే, ఆక్టేవ్‌లో (పౌనఃపున్యం రెట్టింపయ్యే మేరలో) మూడో వంతు పట్టీలో కొలిస్తే 90 అని చూపిస్తుంది. ఆ పట్టీ వెడల్పు 232 హెర్ట్జ్ కావడమే కారణం. ఇద్దరు శాస్త్రవేత్తలు రెండు అంకెలు చెప్పారని వివాదంగా రాసేముందు ఎవరు ఏ పట్టీ వాడారో ఒక్క ఫోన్ చేసి అడిగితే సరిపోతుంది. స్థలం లేదంటే ఎత్తు వదిలేసినా ఫర్వాలేదు గానీ, గాలి వేగం, పౌనఃపున్యం, లోతు, ‘1 మైక్రోపాస్కల్‌తో పోల్చి’ అన్న మాట, ఈ నాలుగూ ఉండేలా చూడండి.

ఇట్లు,
సముద్ర ధ్వని కొలతల రంగానికి చెందిన ఒక పాఠకుడు,
విశాఖపట్నం